సాక్షులా? శాస్త్రకారులా? – సమాజశాస్త్ర చరిత్రలో స్త్రీల స్థానం గురించి

సమాజశాస్త్రం పాఠ్యపుస్తకం ఏది తెరిచినా మొదటి అధ్యాయం ఒకే తీరుగా ఉంటుంది. కోంత్ ఈ శాస్త్రానికి పేరు పెట్టాడు, దుర్ఖైమ్ పద్ధతి నేర్పాడు, మార్క్స్ వర్గం గురించీ వెబర్ అధికారం గురించీ చెప్పారు. అక్కడినుంచి మన దేశానికి వస్తే ఘుర్యే, ఆయన శిష్యుడు శ్రీనివాస్. ఇంటిపేరు తండ్రినుంచి కొడుక్కి వచ్చినట్టు ఈ శాస్త్రం కూడా మగవాళ్ల నుంచి మగవాళ్లకే సంక్రమించింది. తల్లి లేకుండానే ఇంత పెద్ద వంశం ఎట్లా పెరిగిందని మన తరగతి గదుల్లో ఎవరూ అడగరు. అడిగితే మార్కులు రావు గనక అడగరు.

స్త్రీలు ఏమీ చెయ్యకపోవడం వల్ల వాళ్ల పేర్లు లేకుండా పోలేదు. వాళ్లు ఊళ్లు తిరిగారు, మనుషుల్ని అడిగారు, లెక్కలు కట్టారు, పుస్తకాలు రాశారు. అయితే ఆ పనికి ‘సంఘసేవ’ అనో, ‘పత్రికా రచన’ అనో, ‘అనువాదం’ అనో, ‘ఆత్మకథ’ అనో వేరే పేర్లు తగిలించి శాస్త్రం గడప బయట నిలబెట్టారు. గడప బయట నిలబెట్టడం అంటే ఏమిటో ఈ పత్రిక పాఠకులకు విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. గత నలభయ్యేళ్లుగా స్త్రీవాద సమాజశాస్త్రవేత్తలు మట్టి తవ్వి ఈ పేర్లను ఒక్కొక్కటిగా బయటికి తీస్తున్నారు. ఆ శ్రమను మేం గౌరవిస్తాం. కాని తవ్వేటప్పుడు ఎవరిని ముందు తీస్తున్నారు, ఎవరిని చివర తీస్తున్నారు, ఎవరి మీద మట్టి అట్లాగే ఉంచేస్తున్నారు అనేది కూడా చూడాలి గదా. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

ముందు హారియట్ మార్టినో (1802–1876). ఇంగ్లండులో నార్విచ్ పట్టణంలో బట్టల తయారీదారు కూతురు. చిన్నతనంనుంచే చెవుడు. కొమ్ములాంటి గొట్టాన్ని చెవికి ఆనించుకుని జనం మాట వినేది. 1834 నుంచి రెండేళ్లు అమెరికా అంతా తిరిగి 1837లో ‘సొసైటీ ఇన్ అమెరికా’ అచ్చువేసింది. ఆ దేశాన్ని ఇంగ్లండుతో పోల్చి ఎక్కువ తక్కువలు చెప్పలేదు. మనుషులంతా సమానమని మీ ప్రకటనలో మీరే రాసుకున్నారు, మరి బానిసల సంగతేమిటి, స్త్రీల సంగతేమిటి అని ఆ దేశం కొలబద్దతోనే ఆ దేశాన్ని కొలిచింది. మన రాజ్యాంగాన్ని చేతిలో పట్టుకుని మన ఊరిని కొలిచేవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. 1838లో ఆమె రాసిన ఇంకో పుస్తకం, జనజీవనాన్ని ఎట్లా పరిశీలించాలో చెప్పేది. జనం నోటితో చెప్పేది మాత్రమే నమ్మొద్దు, వాళ్ల జైళ్లు చూడండి, సమాధులమీద రాతలు చూడండి, పాటలు వినండి, నౌకర్ల బతుకు చూడండి అంటుంది. దుర్ఖైమ్ తన పద్ధతి నియమాలు రాసింది 1895లో. మధ్యలో 57 ఏళ్లు ఉన్నాయి. అయినా సమాజశాస్త్ర చరిత్రలో ఆమెకి చాలాకాలం దక్కిన చోటు ఒక్కటే: కోంత్ ఆరు సంపుటాల గ్రంథాన్ని 1853లో రెండు సంపుటాలకు కుదించి ఇంగ్లీషు చేసిన అనువాదకురాలు. ఆ కుదింపు కోంత్‌కి ఎంత నచ్చిందంటే తన అసలు గ్రంథం కన్నా దాన్నే చదవమని జనానికి సిఫారసు చేశాడు. గురువు మెచ్చిన శిష్యురాలిగా మిగిలిపోయింది, గురువుగా నమోదు కాలేదు.

మార్టినోని తలకెత్తుకునే పని మేం పెట్టుకోలేదు. బానిసత్వం మీద అంత నిక్కచ్చిగా నిలబడిన మనిషే 1857, 58లలో మన దేశంలో బ్రిటిష్ పాలన గురించి పుస్తకాలు రాసినప్పుడు, ఆ పాలనకు అసలు హక్కు ఉందా అనే ప్రశ్నకు పోలేదు. పాలన ఎట్లా బాగుచెయ్యాలనే దగ్గరే ఆగింది. అమెరికాకు పనికొచ్చిన కొలబద్ద తన సొంత సామ్రాజ్యం దగ్గరికొచ్చేసరికి పొట్టిదైపోయింది.

మరియాన్ వెబర్ సంగతి రెండు మాటల్లో చెప్పొచ్చు. 1907లో చట్టాల పరిణామంలో భార్య, తల్లి స్థానం గురించి పెద్ద గ్రంథం రాసింది. దుర్ఖైమ్ దానిమీద విమర్శ కూడా రాశాడు, అంటే ఆ రోజుల్లో ఆ పుస్తకం కంటపడకుండా పోలేదన్నమాట. 1920లో భర్త పోయాక, ఇవాళ మనమంతా బట్టీపట్టే ‘ఎకానమీ అండ్ సొసైటీ’ కాగితాలను సర్ది అచ్చుకు ఇచ్చింది. పాఠ్యపుస్తకంలో మాత్రం ఆమె ‘వెబర్ గారి భార్య’. షికాగోలో జేన్ ఆడమ్స్, ఫ్లోరెన్స్ కెల్లీ తదితరులు హల్ హౌస్ నుంచి ఇల్లిల్లూ తిరిగి, ఏ ఇంట్లో ఏ దేశంవాళ్లున్నారు, వారానికి ఎంత కూలి వస్తుంది అని రంగులు వేసిన పటాలతో 1895లో పుస్తకం తెచ్చారు. నగరాన్ని పటం గీసి చదవడం 1920లలో షికాగో విశ్వవిద్యాలయం మగ ఆచార్యుల ఘనతగా స్థిరపడింది. ఆ ఆడవాళ్లు సంఘసేవకులయ్యారు. ఈ కథనంతా మేరీ జో డీగన్ 1988లో వివరంగా రాసింది.

1895 అనే సంవత్సరం దగ్గర కాస్త ఆగాలి. దుర్ఖైమ్ ‘రూల్స్’ ఆ ఏడే వచ్చింది. ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ సోషియాలజీ’ ఆ ఏడే మొదలైంది. హల్ హౌస్ పటాలూ ఆ ఏడే. అదే ఏడు ఒక నల్లజాతి స్త్రీ, బానిస తల్లిదండ్రులకు పుట్టిన మనిషి, ‘ఎ రెడ్ రికార్డ్’ అనే చిన్న పుస్తకం అచ్చువేసింది. మొదటి మూడింటి గురించి మనకు పరీక్షల్లోనో తరగతిలోనో ఎక్కడో ఒకచోట చెబుతారు. నాలుగోదాని గురించి ఎం.ఏ. అయిపోయేదాకా మాకు ఎవరూ చెప్పలేదు. నాలుగింటిలోకీ మన ఊళ్లకు దగ్గరగా ఉన్నది అదే.

ఐడా బి. వెల్స్ 1862లో మిసిసిపీ రాష్ట్రం హాలీ స్ప్రింగ్స్‌లో పుట్టింది. 1878లో ఎల్లో ఫీవర్ వచ్చి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. పదహారేళ్ల పిల్ల బడిపంతులమ్మగా చేరి తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ సాకింది. ఆ తర్వాత మెంఫిస్ చేరింది. రైల్లో ఆడవాళ్ల పెట్టెలోంచి తనను బలవంతంగా దింపేశారని రైల్వే కంపెనీ మీద దావా వేసి 1884లో 500 డాలర్లు గెలిచింది. 1887లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. మెంఫిస్‌లో ‘ఫ్రీ స్పీచ్’ అనే పత్రికలో భాగస్తురాలై రాయడం మొదలుపెట్టింది.

1892 మార్చి 9న అదే ఊళ్లో థామస్ మాస్, కాల్విన్ మెక్‌డొవెల్, విల్ స్టూవర్ట్ అనే ముగ్గురు నల్లవాళ్లను జైలునుంచి లాక్కుపోయి కాల్చిచంపారు. మాస్ ఆమె స్నేహితుడు, ఉత్తరాలు పంచే ఉద్యోగి. ఈ ముగ్గురూ కలిసి నడిపిన ‘పీపుల్స్ గ్రోసరీ’ అనే కిరాణా కొట్టువల్ల అదే పేటలో తెల్లవాడి కొట్టుకు గిరాకీ పడిపోయింది. అంతే నేరం. అప్పటిదాకా లించింగ్ అంటే, తెల్లస్త్రీలమీద అత్యాచారం చేసినవాణ్ణి కోపం పట్టలేని జనం చంపడం అని దక్షిణ రాష్ట్రాల పత్రికలు రాసేవి. ఆ మాట చాలామంది నల్లవాళ్లు కూడా ఎంతోకొంత నమ్మారు. ఈ ముగ్గురిమీద మాత్రం ఆ ఆరోపణ కూడా లేదు. వెల్స్ అక్కడ పట్టుకుంది. హత్యలు జరిగిన చోట్లకు పోయి విచారించింది. చాలా కేసుల్లో ‘అత్యాచారం’ అన్నది ఇద్దరి ఇష్టంమీద జరిగిన సంబంధమని తేలింది. ఆ సంగతి పత్రికలో రాసేసరికి 1892 మే నెలలో గుంపు వచ్చి పత్రిక కార్యాలయాన్ని ధ్వంసం చేసింది. ఆ సమయానికి ఊళ్లో లేదు గనక బతికింది. మళ్లీ అక్కడ కాపురం ఉండే వీలు లేకపోయింది.

ఇంతవరకూ చెబితే ఇది ధైర్యవంతురాలి కథ అవుతుంది. ధైర్యాన్ని మెచ్చుకుని ఆమెను పంపించెయ్యడం చాలా తేలిక. దళిత స్త్రీల విషయంలో మన దగ్గర జరిగేదీ అదే. ధైర్యం వాళ్లది, సిద్ధాంతం ఇంకొకరిది. కాబట్టి ‘ఎ రెడ్ రికార్డ్’ని పద్ధతి పుస్తకంగా చదువుదాం.

మొదటిది, ఆమె తన లెక్కలు తాను కట్టుకోలేదు. ‘షికాగో ట్రిబ్యూన్’ అనే తెల్లవాళ్ల పత్రిక ఏటేటా అచ్చువేసే జాబితా తీసుకుంది. నల్లవాళ్లు పెంచి చెప్పారనే మాట రాకుండా చేసింది. 1892లో మొత్తం 241 మంది లించింగ్‌కి గురైతే వాళ్లలో 160 మంది నల్లవాళ్లు అని ఆ జాబితా చెబుతుంది. రెండోది, ఆ మనుషుల పేర్లను వాళ్లమీద మోపిన నేరాన్నిబట్టి విడదీసింది. అప్పుడు తేలిందేమిటి? చంపేవాళ్ల మాటే నిజమని ఒప్పుకున్నా సరే, అత్యాచార ఆరోపణ ఉన్నవి మూడో వంతే. మిగతావి హత్య, దొంగతనం, ఇళ్లకు నిప్పు, తెల్లవాళ్లను అవమానించడం. కొన్నింటికి ఎదురుగా ఏ నేరమూ లేదని కూడా రాసి ఉంది. మూడోది, ఆ మూడో వంతు కేసుల్లోకి కూడా దిగి, ‘కారణం’ అని రాసిన గడిలో ఆ మాట ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని అడిగింది. తెల్లమగవాళ్లు నల్లస్త్రీలమీద చేసే అత్యాచారాలు ఏ జాబితాలోకీ ఎందుకు రావని కూడా అడిగింది.

రెండేళ్ల తర్వాత, 1897లో, దుర్ఖైమ్ ‘ఆత్మహత్య’ గ్రంథం వచ్చింది. ప్రభుత్వ లెక్కలను ఆధారం చేసుకుని శాస్త్రం ఎట్లా కట్టాలో చూపిన గ్రంథమని మనకు నేర్పుతారు. ఏ చావును ఆత్మహత్యగా నమోదు చేస్తారు, ఏ ఇంటివాళ్లు పరువుకోసం దాచిపెడతారు అనే ప్రశ్న ఆయన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఆ విమర్శ చాలా దశాబ్దాల తర్వాత వచ్చింది. వెల్స్‌కి ఆ ప్రశ్న మొదటి ప్రశ్న. లెక్కలు రాసే చేతిలోనే ఉరితాడు కూడా ఉన్నప్పుడు, లెక్కను నమ్మకుండానే వాడుకోవడం ఎట్లాగో ఆమె నేర్చుకోవాల్సి వచ్చింది. మా దృష్టిలో ఇది దుర్ఖైమ్ దగ్గర లేని పాఠం.

ఈ పాఠం పట్టుకుని 1991 ఆగస్టు 6 దగ్గరికి రండి. గుంటూరు జిల్లా చుండూరులో ఆ రోజు ఎనిమిదిమంది దళితులను వెంటాడి నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. అంతకు నెలరోజుల ముందు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకులస్తుడికి తగిలిందని మొదలైన గొడవ. ఆ తర్వాత వినిపించిన మాట ఏమిటి? ‘మా ఆడవాళ్ల జోలికి వస్తున్నారు.’ చుండూరు దళితుల్లో చదువుకున్నవాళ్లున్నారు, రైల్వే ఉద్యోగాలున్నవాళ్లున్నారు, పొలం యజమాని ముందు తలవంచాల్సిన అవసరం తగ్గినవాళ్లున్నారు. మెంఫిస్‌లో కిరాణా కొట్టు ఏ పని చేసిందో ఇక్కడ చదువూ రైలు ఉద్యోగమూ ఆ పని చేశాయి. రెండుచోట్లా బయటికి చెప్పిన కారణం ఆడవాళ్ల మానం. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

చుండూరు జరిగిన నెలన్నరలోపే, 1991 సెప్టెంబర్‌లో, వసంత కన్నబిరాన్, కల్పన కన్నబిరాన్ ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో కులం, జెండర్ గురించి వ్యాసం రాశారు. ఒక కులం మగతనం తన స్త్రీలను కట్టడి చెయ్యడంలోనూ, ఇంకో కులం స్త్రీలను అవమానించడంలోనూ ఎట్లా రుజువు చేసుకుంటుందో అందులో చూపారు. కులహింసను అర్థం చేసుకోవడానికి తెలుగు నేలనుంచి వచ్చిన గట్టి సిద్ధాంత వ్యాసాల్లో అది ఒకటి. కులం గురించిన పేపర్లో సంస్కృతీకరణకు ఇచ్చే పేజీల్లో పదోవంతు దానికివ్వరు. ఎందుకంటే అది ‘స్త్రీల అధ్యయనాలు’ అట, ఐచ్ఛిక పేపరులో చదువుకోవాలట.

ఇప్పుడు మళ్లీ తవ్వకాల సంగతికి వద్దాం. 1998లో లెంగర్మన్, నీబ్రగ్–బ్రాంట్లీ అనే ఇద్దరు స్త్రీలు ‘ద విమెన్ ఫౌండర్స్’ అనే పుస్తకం తెచ్చారు. సమాజశాస్త్రానికి తల్లులున్నారని నిరూపించిన పుస్తకం, మాకు ఎంతో ఉపయోగపడింది. అందులో మార్టినోకి ఒక అధ్యాయం, ఆడమ్స్‌కి ఒకటి, షార్లట్ పెర్కిన్స్ గిల్మన్‌కి ఒకటి, మరియాన్ వెబర్‌కి ఒకటి, బియాట్రిస్ వెబ్‌కి ఒకటి. ఐడా వెల్స్‌కీ ఆన్నా జూలియా కూపర్‌కీ ఇద్దరికీ కలిపి ఒకటి! కూపర్ 1858లో బానిసగా పుట్టింది. 1892లో ‘ఎ వాయిస్ ఫ్రం ద సౌత్’ రాసింది. నల్లస్త్రీ ఎదురుగా జాతి సమస్య, స్త్రీ సమస్య రెండూ ఉన్నాయనీ, రెంటిలోనూ ఆమె మాట ఎవరికీ వినిపించడంలేదనీ అందులో వాదించింది. అరవై దాటిన వయసులో, 1925లో, పారిస్‌లోని సోర్బాన్‌లో డాక్టరేట్ తీసుకుంది. ఇంత మనిషికి సగం అధ్యాయం. రచయిత్రుల ఉద్దేశం చెడ్డదని మేం అనడంలేదు. వాళ్లు ఆ ఇద్దరినీ తెచ్చి కూర్చోబెట్టారు, చాలామంది అదీ చెయ్యలేదు. కాని పంక్తిలో కూర్చోబెట్టినా విస్తరి సగమే వేసే తీరు మనకు బాగా ఎరిక.

సొంతవాళ్ల దగ్గర కూడా వెల్స్‌కి ఇదే జరిగింది. 1909లో ఎన్.ఏ.ఏ.సి.పి. అనే సంస్థకు పునాది వేసిన నలభైమంది జాబితా చదివినప్పుడు ఆమె పేరు లేదు. డుబాయ్స్ తీసేశాడని తన ఆత్మకథలో రాసుకుంది. డుబాయ్స్ కూడా సమాజశాస్త్రం బయట నిలబెట్టబడిన మనిషే. ఆయన 1899 నాటి ‘ఫిలడెల్ఫియా నీగ్రో’ ఇవాళ గొప్ప గ్రంథమంటారు గాని, చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. బయట నిలబడ్డవాడే తనవెనక నిలబడ్డ మనిషికి తలుపు వేశాడు. వెల్స్ 1931లో చనిపోయింది. ఆత్మకథ ఒక వాక్యం మధ్యలో ఆగిపోయింది. కూతురు ఆ రాతప్రతి పట్టుకుని ప్రచురణకర్తల చుట్టూ తిరిగితే 1970లో గాని అచ్చు కాలేదు. 2020లో పులిట్జర్ వాళ్లు ప్రత్యేక గుర్తింపు ఇచ్చారు, అదీ పత్రికా రచనకు! సమాజశాస్త్రం ఇంకా తన బాకీ తీర్చలేదు.

మన దేశం సంగతి. 2007లో భారతీయ సమాజశాస్త్ర, మానవశాస్త్ర స్థాపకుల గురించి ఉబెరాయ్, సుందర్, దేశ్‌పాండే సంపాదకత్వంలో ‘ఆంత్రొపాలజీ ఇన్ ద ఈస్ట్’ అనే మంచి సంకలనం వచ్చింది. ఒక్కొక్క స్థాపకుడికి ఒక్కొక్క వ్యాసం. ఆ వరసలో వ్యాసం దక్కిన ఒకే ఒక్క స్త్రీ ఇరావతి కర్వే. అంబేడ్కర్‌కి అధ్యాయం లేదు. 1916 మే నెలలో కొలంబియా విశ్వవిద్యాలయంలో గోల్డెన్‌వైజర్ సెమినార్లో ఆయన చదివిన ‘కాస్ట్స్ ఇన్ ఇండియా’ పత్రం కులాన్ని స్త్రీ శరీరం మీది కట్టడి నుంచి వివరించింది. కులంలోపలే పెళ్లి అనే నియమం నిలవాలంటే భర్త పోయిన స్త్రీని ఏదో ఒకటి చెయ్యాలి: కాల్చాలి, లేదా జీవితాంతం వితంతువుగా ఉంచాలి. భార్య పోయిన మగవాడికి పిల్ల కావాలంటే చిన్నపిల్లను కట్టబెట్టాలి. సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం మూడూ కులయంత్రం పళ్లచక్రాలని ఇరవై అయిదేళ్ల అంబేడ్కర్ చూపారు. తర్వాత వచ్చిన కులశాస్త్రవేత్తలు మడి, మైల, అంతస్తు గురించి వేల పేజీలు రాశారు గాని ఈ దారిన పోలేదు. 1993లో ఉమా చక్రవర్తి ‘బ్రాహ్మణీయ పితృస్వామ్యం’ అనే మాటతో ముందుకొచ్చినదాకా ఆ పత్రం సగం నిద్రలో ఉంది. స్త్రీలను మరిచిపోవడం, అంబేడ్కర్‌ని మరిచిపోవడం రెండు వేర్వేరు మతిమరుపులు కావు.

కర్వేకి అన్యాయం జరగలేదని కాదు. బెర్లిన్‌లో ఆయిగన్ ఫిషర్ అనే జాతివాద శాస్త్రవేత్త దగ్గర పరిశోధన చేసి, పుణె డెక్కన్ కాలేజీలో జీవితమంతా పనిచేసింది. ఆమె ‘కిన్‌షిప్ ఆర్గనైజేషన్ ఇన్ ఇండియా’ (1953) దేశాన్ని బంధుత్వ మండలాలుగా విడదీసి చూసింది. తెలుగువాళ్ల మేనరికం, మేనమామతో పెళ్లి గురించి, ఉత్తరాది కోడలు పరాయి ఊళ్లో పరాయి మనుషుల మధ్య పడితే దక్షిణాది కోడలు తెలిసిన ఇంట్లోనే అడుగుపెడుతుందనే తేడా గురించి ఆమె చెప్పినంత స్పష్టంగా అప్పటికి ఎవరూ చెప్పలేదు. 1961 నాటి పుస్తకంలో, కులాలు ఒక పెద్ద ముద్దలోంచి విడిపోయిన ముక్కలు కావు, వేర్వేరు జాతులు పక్కపక్కన చేరి ఏర్పడినవి అని తన గురువు ఘుర్యేకే ఎదురు చెప్పింది. శ్రీనివాస్ పేరు తెలిసిన పదిమందిలో ఒకరికీ ఈ వాదం తెలియదు. ఇది అన్యాయమే.

అయినా చిత్పావన బ్రాహ్మణ కుటుంబం, దేశం దాటిన చదువు, కాలేజీలో కుర్చీ ఉన్న స్త్రీనే ఇంతగా మరిచిపోతే, పెళ్లిసంబంధాల పటంలో పాలేరు భార్య పొద్దున లేచి ఎవరి పొలంలోకి పోతుందో, అక్కడ ఆమెమీద ఎవరికి ఏ హక్కు ఉందని ఊరు అనుకుంటుందో ఎక్కడ దొరుకుతుంది? బంధుత్వ గ్రంథాలు ఇంటి గడపతో ఆగిపోతాయి. దళిత స్త్రీ బతుకులో ఎక్కువ భాగం ఆ గడప అవతలే గడుస్తుంది.

శ్రీనివాస్ ఒక మంచిపని చేశాడు. ‘ద రిమెంబర్డ్ విలేజ్’లో (1976) తాను చూసింది అగ్రకుల దృష్టినుంచి చూసిన ఊరని తానే ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే పోయిందా? ఆ ఊరి పేజీలనే యాభయ్యేళ్లుగా ‘భారతీయ గ్రామం’ అని మనచేత చదివిస్తున్నారు. మాలపల్లెనుంచి చూసిన ఊరు, అందులోనూ నీళ్లబావి దగ్గర నిలబడి చూసిన ఊరు పరీక్షలో రాస్తే ‘వ్యక్తిగత అనుభవం’ అవుతుంది.

మేం ఈ సంగతి బాగా ఎరుగుదుం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి మేమే. పరిశోధనలో చేరిన కొత్తలో ఒక సీనియర్ అధ్యాపకుడు, మీకు ఫీల్డు సులువు గదా, ఊరికి పోయి మీ అమ్మనీ పిన్నమ్మనీ అడిగి రాసుకురండి, సిద్ధాంతం తర్వాత చూద్దాం అన్నాడు. ఆయన మంచిగానే అన్నాడు. ఆ మంచితనంలోనే శ్రమ విభజన అంతా ఉంది. కూలిరేటు ఎందుకు పెరగలేదో, ఏ దొర ఏ పార్టీలోకి ఎందుకు మారాడో, ఎవరింటి పెళ్లికి ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారో మా అమ్మ చెప్పే తీరులో కారణాలున్నాయి, పోలికలున్నాయి, ఇట్లా అయితే అట్లా అవుతుందనే అంచనా కూడా ఉంది. థీసిస్‌లోకి వచ్చేసరికి అదంతా కోట్ గుర్తుల మధ్య ‘సమాచారదాత, స్త్రీ, 52 సంవత్సరాలు’ అయికూర్చుంటుంది. వివరణ మాత్రం కింద ఇంకొకరి పేరు మీద వస్తుంది.

1855లో పుణెలో ఫూలే దంపతుల బళ్లో చదివే ముక్తా సాల్వే అనే పద్నాలుగేళ్ల మాంగ్ కులపు పిల్ల, మాంగ్‌ల, మహర్‌ల దుఃఖం గురించి వ్యాసం రాసింది. ‘జ్ఞానోదయ’ పత్రిక అచ్చువేసింది. వేదాలు బ్రాహ్మణుల సొత్తే అయితే మాకు మతం లేనట్టేగదా అని ఆ పిల్ల అడుగుతుంది. పీష్వాల కాలంలో తనవాళ్లకు పడిన శిక్షలు, భూముల నుంచి తరిమివేయడం, ఇంటిమీద కప్పు లేక వానలో చలిలో పురుడు పోసుకునే ఆడవాళ్ల బాధ వరసగా చెబుతుంది. మతాధికారం, భూమి, శిక్ష, పురుడు. నాలుగింటినీ ఒకే తాటిమీద కట్టి చూపడం సమాజశాస్త్రం కాకపోతే మరేమిటో మాకు తెలియదు. అప్పటికి దుర్ఖైమ్ పుట్టలేదు. ముక్తా వ్యాసం ఇవాళ దళిత సాహిత్య సంకలనాల్లో దొరుకుతుంది, ‘తొలి దళిత రచయిత్రి’ అని దండ వేస్తారు. ఆ దండ కింద వాదం కనిపించదు.

మీనాక్షి మూన్, ఊర్మిళా పవార్ 1989లో తెచ్చిన మరాఠీ పుస్తకం దీనికి ఒక జవాబు. అంబేడ్కర్ ఉద్యమంలో పనిచేసిన ఆడవాళ్లను వెతికి వెతికి మాట్లాడించి, మేమూ చరిత్ర చేశాం అని చెప్పించారు. 1995లో గోపాల్ గురు దళిత స్త్రీలు వేరుగా మాట్లాడుతున్నారని రాశాడు: అగ్రకుల స్త్రీవాదులతోనూ, దళిత మగ నాయకత్వంతోనూ తేడా పడి మాట్లాడుతున్నారని. 1998లో శర్మిలా రేగే అక్కడినుంచి ఇంకో అడుగు వేసింది. వేరుగా మాట్లాడుతున్నారని ఒప్పుకుని ఊరుకుంటే మిగతావాళ్లకు పని తప్పిపోతుంది, దళిత స్త్రీలు నిలబడ్డ చోటునుంచి అందరూ చదువుకోవాలి, చూపు మార్చుకోవాలి అంది. తాను దళితురాలు కాకపోయినా ఆ పని తన తరగతిలో చేసింది. 2006లో దళిత స్త్రీల ఆత్మకథలను సాక్ష్యాలుగా, జ్ఞానంగా చదువుతూ పుస్తకం తెచ్చింది. 2013లో చనిపోయింది. ‘దళిత స్త్రీ దృక్కోణం’ అన్న మాట పేర్చి వ్యాసాలు రాసేవాళ్లు పెరిగారు గాని, చూపు మార్చుకున్న పాఠ్యప్రణాళికలు మాకు ఎక్కువ కనిపించలేదు.

తెలుగులో ఈ పని మొదలై చాలా ఏళ్లయింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలతో కట్టిన పుస్తకం. మల్లు స్వరాజ్యంతో పాటు చిట్యాల ఐలమ్మ కూడా అందులో మాట్లాడుతుంది. తుపాకీ పట్టిన స్త్రీని పోరాటం ఆపేశాక వంటింట్లోకి ఎట్లా పంపేశారో ఆ స్త్రీలే విశ్లేషిస్తారు. కులం ప్రశ్న మాత్రం అందులో పక్కకు జరిగిందని మా అభిప్రాయం. స్త్రీ అనే మాట అందర్నీ ఒక గొడుగు కిందికి తెచ్చింది, గొడుగు ఎవరి చేతిలో ఉందో అప్పటికి అడగలేదు. గోగు శ్యామల ‘నల్లపొద్దు’ (2003), ‘నేనే బలాన్ని’ (2011) ఆ లోటు పూడ్చే పని చేశాయి. రెండోది టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథ. మంత్రి, డిప్యూటీ స్పీకర్ అయిన దళిత స్త్రీ తాను చూసిన రాజకీయాలను, తెలంగాణ ఉద్యమాన్ని, మాదిగ దండోరాను తన మాటల్లో విడమరుస్తుంది. ఏ పార్టీలో ఎవరికి ఏ పదవి ఎందుకు ఇస్తారో ఆమె చెప్పే తీరు చదివితే అధికారం గురించిన పెద్దపెద్ద గ్రంథాలు కొంచెం చప్పగా అనిపిస్తాయి. మేం వెళ్లే గ్రంథాలయంలో ఈ పుస్తకం ‘జీవిత చరిత్రలు’ అరలో ఉంది.

మన వైపు కూడా చూసుకోవాలి. కారంచేడులో 1985 జులైలో మొదట మంచినీళ్ల చెరువు దగ్గర బిందె ఎత్తి ఎదురుతిరిగింది ఒక మాదిగ స్త్రీ. ఉద్యమ చరిత్రలన్నీ ఆ సంఘటనతో మొదలై, రెండో పేజీనుంచి మగ నాయకుల ఉపన్యాసాలకు పోతాయి. బిందె ‘తక్షణ కారణం’, ఉపన్యాసం ‘విశ్లేషణ’. తాగే నీళ్లు, పశువుల కుడితి, కులం – ఈ మూడింటి సంబంధాన్ని ఆ క్షణంలో ఆమె విప్పి చూపింది గదా. మన సంచికల విషయసూచికలు తిరగేస్తే దళిత స్త్రీల పేర్లు కవితల దగ్గర కనిపిస్తాయి, సిద్ధాంత వ్యాసాల దగ్గర వేళ్లమీద లెక్కించాలి. డుబాయ్స్ చేసిన పనికి మనం తక్కువ తినలేదు.

పరిశోధనా పద్ధతుల పేపర్లో ‘రూల్స్’ పక్కన ‘ఎ రెడ్ రికార్డ్’ పెట్టడానికి ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు, అధ్యాపకుడు అనుకుంటే చాలు. అది పెద్ద పుస్తకం కూడా కాదు. దాంతోపాటు చుండూరు మీద వచ్చిన నిజనిర్ధారణ నివేదికలు, 1989 అత్యాచార నిరోధక చట్టం కింద నమోదైన ఏవైనా పది ఎఫ్.ఐ.ఆర్.లు విద్యార్థులకు ఇవ్వొచ్చు. వాటిలో ‘పాత కక్షలు’, ‘అక్రమ సంబంధం’, ‘మాటా మాటా పెరిగి’ అని రాసి ఉన్న చోట ఆగి, ఆ మాట రాసింది ఎవరు, చెప్పింది ఎవరు, ఆ ఇంటి ఆడమనిషిని అడిగారా లేదా అని విడివిడిగా రాసుకురమ్మనాలి.